కూలి తెలిసి ఉండాలి
క్రిప్టో నాణేలలో సేవల చెల్లింపు: తెలియని వారికి తొలి పాఠం

కొన్ని నెలల క్రితం ఒకనాడు అసర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి మచిలీపట్నంలోని మా మద్రసా వరండాలో ఒక యువకుడు మా కోసం వేచి ఉన్నాడు. అవనిగడ్డ సమీప గ్రామవాసి. చిన్ననాట మా వద్దనే తజ్వీద్ నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఇంటి నుండే, సెల్‌ఫోన్ తెరపై, విదేశంలో స్థిరపడిన ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలకు ఖుర్ఆన్ పారాయణం నేర్పుతున్నాడు. నెలకు 12,000 రూపాయల జీతం. ఆ జీతంతోనే తల్లి మందులు, చెల్లెలి చదువు సాగుతున్నాయి.

"హజ్రత్! వచ్చే నెల నుండి జీతం బ్యాంకు ద్వారా కాకుండా క్రిప్టోలో పంపుతామంటున్నారు. యూఎస్‌డీటీ అట. తీసుకోవచ్చునా? తీసుకుంటే అది నాకు హలాలేనా?" అని అడిగాడు.

అదే వారంలో గుడివాడ నుండి ఒక తల్లి వచ్చింది. ఆమె కుమారుడు దుకాణాలకు ప్రకటనల బొమ్మలు, బోర్డుల నమూనాలు కంప్యూటరుపై తయారుచేసి ఇస్తాడు. ఒక విదేశీ ఖాతాదారు అతని కూలిని క్రిప్టోలో పంపాడు. కుర్రవాడు దానిని ఫోన్‌లో పరిచయమైన ఒక అపరిచితునికి అమ్మి రూపాయలు తీసుకున్నాడు. పది రోజుల తరువాత అతని బ్యాంకు ఖాతా స్తంభించిపోయింది. "మౌలీసాబ్, మావాడు దొంగతనం చేశాడంటున్నారు. వాడు రాత్రింబవళ్ళు కష్టపడి పనిచేశాడు. ఇందులో దొంగతనం ఎక్కడుంది?" అంటూ ఆమె కన్నీరు పెట్టుకుంది.

ఈ రెండు ప్రశ్నలకూ వెంటనే సమాధానం చెప్పే స్థితిలో మేము లేము. మేము చదివిన కితాబులలో దీనార్లు, దిర్హములు, రాగి ఫులూసులు ఉన్నాయి గాని యూఎస్‌డీటీ లేదు. అందుచేత తెలిసిన వారిని అడిగాము, చదివాము. మా పూర్వ విద్యార్థులలో లెక్కలు చూసే ఒకరిని, కంప్యూటర్ పనిచేసే మరొకరిని కూర్చోబెట్టుకుని విషయం తెలుసుకున్నాము. అలా తెలుసుకున్నది మన పాఠక కుటుంబాలతో పంచుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

బందరుకు నాణెం కొత్త కాదు

"బందరు" అంటే ఫారసీలో ఓడరేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రేవు నుండి అద్దకపు వస్త్రాలు పారసీక, అరబ్బు తీరాలకు తరలి వెళ్ళేవి. డచ్చివారు వచ్చారు, 1611లో ఆంగ్లేయులు వచ్చారు. నేటికీ వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట అనే పేర్లు ఆ కాలాన్ని గుర్తుచేస్తాయి. పలు దేశాల నాణేలు చేతులు మారే చోట వాటి బరువు, మాలు పరీక్షించేవాడు తప్పనిసరి. అతడే షరాబు. ఈ తెలుగు మాట అరబీలోని "సర్రాఫ్" నుండి వచ్చింది. నాణేల మార్పిడికి ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్న "సర్ఫ్" అనే అధ్యాయానికీ ఇదే ధాతువు. నాణెం చేతిలో పడగానే దాని సంగతి తెలిసినవారిని అడగడం మన ఊరి పాత అలవాటని ఈ ఒక్క మాటే చెబుతున్నది.

మచిలీపట్నానికి మరొక పేరు కూడా ఉంది. చిలకలపూడి బంగారం! రోల్డ్‌గోల్డ్ నగలకు మన ఊరు దేశమంతటా ప్రసిద్ధి. పైపూత బంగారమని చెప్పి అమ్మితే అది హలాలైన వ్యాపారం. మేలిమి బంగారమని చెప్పి అమ్మితే మోసం. వస్తువు ఒక్కటే, చెప్పే మాటలో తేడా.

ఇక దివిసీమ సంగతి. కోతకూలిని డబ్బుకు బదులు ధాన్యంగా కొలిచి ఇచ్చిన రోజులు మన పెద్దలకు గుర్తే. కుంచంతో కొలిచేవారు. ఇన్ని కుంచాలని ముందే మాట అనుకునేవారు. కూలివాడు ఆ గింజలను చేతితో నలిపి, నోట వేసుకుని చూసి, మూట కట్టుకుని వెళ్ళేవాడు. అది నాణెం కాకపోయినా న్యాయమైన కూలియే. ఎందుకంటే ఎంతో తెలుసు, ఏమిటో తెలుసు, అప్పటికప్పుడు చేతికి అందింది. ఈ మూడు గుణాలనూ పాఠకులు గుర్తుంచుకోవాలి. క్రిప్టోను కూడా మేము ఇదే కుంచంతో కొలిచి చూశాము.

క్రిప్టో అంటే ఏమిటి?

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో ఒక చిన్న పత్రం ప్రకటించారు. ఏ బ్యాంకు, ఏ ప్రభుత్వం మధ్యలో లేకుండా కంప్యూటర్ల ద్వారా ఒకరి నుండి మరొకరికి విలువను పంపుకునే విధానం అందులో ఉంది. 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైంది. వేలాది కంప్యూటర్లలో ఒకే చిట్టా పుస్తకం ఉంటుంది. ఎవరి నుండి ఎవరికి ఎంత వెళ్ళిందో అందులో నమోదవుతుంది. ఒకసారి నమోదైనది చెరపడం సాధ్యం కాదు. ఈ చిట్టానే బ్లాక్‌చెయిన్ అంటారు. మొత్తం బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలకు మించకుండా దీనిని రూపొందించారు.

2010 మే 22న అమెరికాలో ఒక వ్యక్తి రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. వస్తువు కొనడానికి బిట్‌కాయిన్ వాడిన తొలి ప్రసిద్ధ ఉదంతం అది. ఆనాడు వాటి విలువ కొద్ది డాలర్లే. 2024 డిసెంబరులో ఒక్క బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు దాటింది. ఈ కథను గొప్పగా చెప్పేవారు ఉన్నారు. మాకు మాత్రం అందులో వేరొక పాఠం కనిపించింది. ఇంతగా ఎగిరిపడే దానితో ఒక మనిషి నెల జీతాన్ని కొలవడం ఎలా?

ఈ ఒడిదుడుకులకు విరుగుడుగా "స్థిర నాణేలు" వచ్చాయి. యూఎస్‌డీటీ వాటిలో పెద్దది. ఒక యూఎస్‌డీటీ ఒక డాలరుకు సమానంగా ఉంటుందని దానిని జారీచేసే టెథర్ సంస్థ చెబుతుంది. అంటే ఇక్కడ మళ్ళీ ఒక సంస్థ మాటపైనే నమ్మకం. నిల్వల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలు చేసిందన్న ఆరోపణపై 2021 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ టెథర్‌కు 4 కోట్ల 10 లక్షల డాలర్ల జరిమానా విధించింది. టెర్రా యూఎస్‌డీ అనే మరొక "స్థిర" నాణెం 2022 మే నెలలో కొద్ది రోజులలోనే కుప్పకూలింది. పేరులో స్థిరత్వం ఉన్నంత మాత్రాన గుణంలో ఉన్నట్లు కాదు.

చెల్లింపు ఎలా జరుగుతుంది?

తెలియని వారి కోసం క్రమంగా చెబుతాము.

ముందుగా "వాలెట్" ఉండాలి. పేరుకు పర్సే గాని అందులో నాణేలు ఉండవు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆ తాళంచెవిని 12 లేదా 24 ఇంగ్లీషు మాటల వరుసగా ఇస్తారు. ఆ మాటలు ఎవరికి తెలిస్తే సొమ్ము వారిదే. అవి పోతే సొమ్ము పోయినట్లే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఇళ్ళకు ఇళ్ళనే తుడిచిపెట్టింది. అటువంటి విపత్తులో పాస్‌పుస్తకం కొట్టుకుపోయినా బ్యాంకుకు వెళ్ళి మరొకటి అడగవచ్చు. ఈ మాటలు రాసిన కాగితం కొట్టుకుపోతే వెళ్ళి అడగడానికి ఏ కార్యాలయమూ లేదు.

రెండవది చిరునామా. అక్షరాలు, అంకెలు కలిసిన పొడవైన వరుస. పంపేవారు దానిని ఒక్క అక్షరం తప్పకుండా నకలు చేయాలి.

మూడవది మార్గం, అంటే నెట్‌వర్క్. యూఎస్‌డీటీ ట్రాన్, ఇథీరియం వంటి పలు మార్గాలలో నడుస్తుంది. ట్రాన్ చిరునామా ఇంగ్లీషు "టి" అక్షరంతోను, ఇథీరియం చిరునామా సున్నా, "ఎక్స్"లతోను మొదలవుతుంది. గుడివాడ బస్సులో వేయవలసిన పార్సెల్‌ను విజయవాడ బస్సులో వేస్తే ఫోను చేసి వెనక్కు తెప్పించవచ్చు. ఇక్కడ మార్గం తప్పితే చాలా సందర్భాలలో సొమ్ము తిరిగి రాదు.

నాలుగవది రుసుము. ప్రతి బదిలీకి ఆయా మార్గంలో రుసుము ఉంటుంది. రద్దీని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది.

అయిదవది మార్పిడి. క్రిప్టోను రూపాయలుగా మార్చుకోవాలంటే "ఎక్స్ఛేంజ్"లో పాన్, ఆధార్ వివరాలతో ఖాతా తెరవాలి. ఇదేమీ పూర్తిగా భద్రమైన చోటు కాదు. 2024 జూలైలో మన దేశంలోని పెద్ద ఎక్స్ఛేంజ్ అయిన వజీర్‌ఎక్స్ నుండి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో చోరీకి గురైంది. అందులో సొమ్ము దాచుకున్న సామాన్యులు నెలల తరబడి దానిని తీసుకోలేకపోయారు.

దేశ చట్టం ఏమంటుంది?

భారతదేశంలో క్రిప్టో చెల్లుబాటు నాణెం కాదు. చేసిన అప్పుకు, ఇవ్వవలసిన కూలికి క్రిప్టో తీసుకుని తీరాలని ఎవరినీ నిర్బంధించలేరు. అలాగని దానిని కలిగి ఉండడం నేరమూ కాదు. క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలు అందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను, దానిపై సెస్సు పడుతున్నాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెం లాభంలో తగ్గించి చూపడానికి వీలులేదు. 2022 జూలై 1 నుండి నిర్ణీత పరిమితి దాటిన బదిలీలపై 1 శాతం ముందే కోత వేస్తారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. దర్జీకి, డ్రైవరుకు, ట్యూషన్ మాస్టారుకు క్రిప్టోతో చెల్లించడం కూడా బదిలీయే. చేతికి ఒక్క రూపాయి రాకపోయినా, ఆ నాణెం కొన్నప్పటి ధరకు, ఇచ్చినప్పటి ధరకు మధ్య లాభం ఉంటే ఇచ్చినవారు పన్ను లెక్క చెప్పవలసి ఉంటుంది. పుచ్చుకున్నవారికేమో అది ఆనాటి విలువలో ఆదాయం.

2023 మార్చి నుండి ఎక్స్ఛేంజీలు అక్రమ ధన చలామణి నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అవి ఆర్థిక నిఘా విభాగం, అంటే ఎఫ్ఐయూ వద్ద నమోదు కావాలి.

ఉలమాల అభిప్రాయాలు

ఈ అంశంపై ఉలమాలు ఏకాభిప్రాయానికి రాలేదు. దీనిని దాచిపెట్టి, ఏదో ఒక పక్షాన్ని మాత్రమే చూపడం అమానతుకు విరుద్ధం.

ఈజిప్టు ముఫ్తీ షౌఖీ అల్లామ్ 2018 ఆరంభంలో బిట్‌కాయిన్ వ్యవహారాన్ని నిషిద్ధమన్నారు. మన దేశంలో దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ ఇఫ్తా విభాగం కూడా దీనిని అనుమతించలేదు. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో క్రిప్టోను నాణెంగా వాడడం హరామ్ అని ప్రకటించింది. వెనుక స్పష్టమైన ఆధారం, ప్రయోజనం ఉండి షరతులకు లోబడిన దానిని సరుకుగా అమ్ముకోవచ్చునని కూడా చెప్పింది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరీఅత్ సలహా మండలి 2020లో నమోదైన ఎక్స్ఛేంజీల ద్వారా డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలను అనుమతించింది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2019 నవంబరులో దుబాయిలో చర్చించి, తుది తీర్పు ఇవ్వకుండా మరింత పరిశోధన కోరింది.

ఈ భేదానికి మూలం "నాణెం అంటే ఏమిటి" అన్న ప్రశ్న. బంగారం, వెండి స్వతహాగా విలువైనవి. రాగి ఫులూసులు మాత్రం ప్రజలు నాణెంగా అంగీకరించినందువల్లనే నాణేలయ్యాయి. మరి ఆ అంగీకారం తొలగిపోతే? కొనుగోలుదారు ధర చెల్లించక ముందే ఆ ఫులూసులు చెలామణి కోల్పోతే ఏమిటని మన హనఫీ ఇమాములు ఆనాడే చర్చించారు. బేరమే రద్దవుతుందన్నారు ఇమామ్ అబూ హనీఫా. బేరం కుదిరిన నాటి విలువ ఇవ్వాలన్నారు ఇమామ్ అబూ యూసుఫ్. చెలామణిలో ఉన్న చివరి నాటి విలువ ఇవ్వాలన్నారు ఇమామ్ ముహమ్మద్ (అల్లాహ్ వారందరినీ కరుణించుగాక). వారి అభిప్రాయాలు వేరైనా ఉద్దేశం ఒక్కటే. నాణెం మారినందువల్ల ఎదుటివాని హక్కు గల్లంతు కారాదు.

మేము ముఫ్తీలం కాము, ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. నాణెం ప్రశ్నను పెద్దలకు విడిచిపెట్టినా, కూలి ప్రశ్న మాత్రం మన చేతిలోనే ఉంది. దానిపై షరీఅత్ ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి.

కూలి విషయంలో షరీఅత్ కోరేది

సేవకు ప్రతిఫలం ఇచ్చే ఒప్పందాన్ని ఇజారా అంటారు. పని ఏమిటో తెలిసి ఉండాలి, కూలి ఎంతో తెలిసి ఉండాలి. ఈ రెండింటిలో ఏది అస్పష్టంగా ఉన్నా ఒప్పందం చెడిపోతుంది. అలా చెడిపోయిన ఒప్పందంలో పని పూర్తయితే, ఆ పనికి వాడుకలో ఉన్న న్యాయమైన కూలిని ఆధారంగా తీసుకుంటారు. దానిని ఉజ్రతె మిస్ల్ అంటారు. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయ దినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని హెచ్చరించారు. ఈ హెచ్చరిక విన్న తరువాత కూలి విషయంలో తేలికగా మాట్లాడే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 2021 నవంబరులో బిట్‌కాయిన్ దాదాపు 69,000 డాలర్లకు చేరింది. సరిగ్గా ఏడాదికి 16,000 డాలర్ల దిగువకు పడిపోయింది. ఎవరైనా ఒక నర్సుతో, "నీ నెల జీతం ఇంత బిట్‌కాయిన్" అని ఆనాటి 12,000 రూపాయల విలువకు ఒప్పుకుని ఉంటే, ఏడాది తరువాత అదే కొలతకు ఆమె చేతికి వచ్చేది సుమారు 3,000 రూపాయలు. రోగి మంచం పక్కన ఆమె గడిపిన రాత్రులు తగ్గలేదు, జీతం మాత్రం తగ్గిపోయింది. ధర పెరిగితే ఆమెకే లాభం కదా అనవచ్చు. పొట్టకూటి కోసం పనిచేసేవారికి పందెం అక్కరలేదు, బియ్యం కావాలి.

యూఎస్‌డీటీలో ఈ ఒడిదుడుకులు తక్కువన్నది నిజమే. అక్కడ కూడా "ఏ ధరకు?" అనే ప్రశ్న మిగులుతుంది. బ్యాంకు డాలరు ధర ఒకటి, ఎక్స్ఛేంజ్ ధర మరొకటి, మనుషులు నేరుగా అమ్ముకునే ధర ఇంకొకటి. రుసుము ఎవరిది, పన్ను ఎవరిది అనేది ముందే తేలకపోతే నెలాఖరులో తగువు తప్పదు.

గుడివాడ కుర్రవానికి ఏమి జరిగింది?

అతడు తన కూలిగా వచ్చిన క్రిప్టోను అపరిచితునికి అమ్మాడు. ఇటువంటి వ్యక్తి నుండి వ్యక్తికి జరిగే అమ్మకాన్ని పీటూపీ అంటారు. కొన్నవాడు అతని బ్యాంకు ఖాతాలో రూపాయలు వేశాడు. ఆ రూపాయలు వేరొక రాష్ట్రంలో సైబర్ మోసగాళ్ళు ఎవరి నుండో కాజేసినవి. మోసగాళ్ళు దొంగ సొమ్మును వదిలించుకుని, క్రిప్టోగా మార్చుకోవడానికి ఇటువంటి అమాయకుల కోసమే వెతుకుతారు. బాధితుడు ఫిర్యాదు చేశాడు. సొమ్ము వెళ్ళిన దారి వెంట పోలీసులు వచ్చారు. ఆ దారి గుడివాడలో మన కుర్రవాని ఖాతా వద్ద ఆగింది.

అతడు దొంగ కాడు. తెలియక చేసినందుకు పాపమూ లేదని ఆశిద్దాం. అయినా ఆ రూపాయలకు అసలు యజమాని ఒకరున్నారు. దోచుకున్న సొమ్ము ఎన్ని చేతులు మారినా యజమాని హక్కు చెరిగిపోదు. ఆ తల్లికి ఈ మాట చెప్పడం మాకు కష్టమైంది. కాని చెప్పాము. ఖాతాదారుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, పని నమూనాలు, బదిలీ వివరాలు అన్నీ ఒక వకీలు ద్వారా పోలీసులకు, బ్యాంకుకు సమర్పించారు. కొన్ని వారాలకు మిగిలిన ఖాతా తెరుచుకుంది. వివాదంలో ఉన్న మొత్తం మాత్రం ఇంకా నిలిచే ఉంది. ఈ మధ్య కాలంలో ఇంటి అద్దె కోసం ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది.

ఇంతకంటే ప్రమాదకరమైన వల మరొకటి ఉంది. ఇంటి వద్ద కూర్చుని వీడియోలు మెచ్చుకుంటే కూలి ఇస్తామని సందేశం వస్తుంది. మొదట కొద్ది రూపాయలు నిజంగానే ఇస్తారు. తరువాత "పెద్ద పని" కోసం క్రిప్టోలో ముందుగా సొమ్ము కట్టమంటారు. ఆ కట్టిన సొమ్ము ఇక తిరిగి రాదు. కూలి ఇచ్చేవాడు కూలివాని నుండి సొమ్ము అడిగితే అది ఇజారా కాదు, దోపిడీ. మన ఇళ్ళలోని సోదరీమణులకు, చదువు ముగిసి ఖాళీగా ఉన్న పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంచండి. 2024లో ఉద్యోగాల పేరిట కంబోడియాకు తరలించి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయిస్తున్న మన తెలుగు యువకుల ఉదంతాన్ని విశాఖపట్నం పోలీసులు వెలికితీసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటు మోసపోయేదీ మన పిల్లలే, ఇటు మోసం చేయడానికి బందీలయ్యేదీ మన పిల్లలే.

ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి

మన ఊళ్ళలో దర్జీకి, పనిమనిషికి, ఆటో డ్రైవరుకు, వృద్ధులను చూసుకునే ఆయాకు, పిల్లల ఉస్తాదుకు క్రిప్టోలో చెల్లించవలసిన అవసరం మాకు ఒక్కటి కూడా కనిపించలేదు. రూపాయి ఉంది, యూపీఐ ఉంది. 2022 డిసెంబరు నుండి రిజర్వు బ్యాంకు ప్రయోగాత్మకంగా నడుపుతున్న డిజిటల్ రూపాయి ఉంది. అది కూడా కనిపించని నాణెమే. కాని దాని వెనుక దేశపు రిజర్వు బ్యాంకు బాధ్యత ఉంది. కనుక మన ఊరి కూలికి మన రూపాయే మేలు.

విదేశాలవారికి సేవలందించేవారి పరిస్థితి వేరు. అటువంటి ప్రతిఫలం కూడా బ్యాంకు మార్గంలోనే కోరాలి. సొమ్ము ఎక్కడి నుండి వచ్చిందో చూపే పత్రం అక్కడే దొరుకుతుంది. ఎవరైనా క్రిప్టో ప్రస్తావన తెస్తే కనీసం ఈ విషయాలు గమనించాలి.

1. కూలిని రూపాయలలోనో, డాలర్లలోనో నిర్ణయించి కాగితంపై రాసుకోవాలి. "ఇన్ని నాణేలు" అని ఒప్పుకోరాదు. అప్పు వ్యవహారాన్ని రాసుకోవాలన్న ఖుర్ఆన్ ఆదేశం (అల్ బఖరా సూరా, 282) ఇక్కడ మనకు దారి చూపుతుంది.

2. ఏ నాటి ధర, ఏ ఎక్స్ఛేంజ్ ధర, రుసుము ఎవరిది అనేవి ముందే తేల్చుకోవాలి.

3. పుచ్చుకునేవారి అంగీకారం మనస్ఫూర్తిగా ఉండాలి. "ఇలాగైతేనే ఇస్తాము" అని పని అయిన తరువాత చెప్పడం దౌర్జన్యం.

4. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరిందని నిర్ధారించుకున్న తరువాతే మిగిలినది పంపాలి. చిరునామాను, మార్గాన్ని రెండుసార్లు సరిచూసుకోవాలి.

5. ఎఫ్ఐయూ వద్ద నమోదైన ఎక్స్ఛేంజ్‌లో, సొంత పేరు మీద ఉన్న ఖాతాలోనే మార్చుకోవాలి. ఎంత ఎక్కువ ధర చూపినా అపరిచితులకు అమ్మరాదు. మన బ్యాంకు ఖాతాను ఇతరుల సొమ్ము కోసం ఇవ్వరాదు.

6. వచ్చిన కూలిని ధర పెరుగుతుందనే ఆశతో నిల్వ ఉంచకుండా వెంటనే రూపాయలుగా మార్చుకోవాలి. వేతనం జూదానికి పెట్టుబడి కారాదు.

7. వాలెట్ మాటలను ఎవరికీ చెప్పరాదు, ఫోటో తీసి ఫోన్‌లో ఉంచరాదు.

8. పని ఒప్పందం, సందేశాలు, బదిలీ రసీదులు భద్రపరచాలి. పన్ను లెక్క దాచరాదు.

9. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. సిగ్గుతో ఒక పూట ఆలస్యం చేస్తే సొమ్ము దేశం దాటిపోతుంది.

ఒక కుంచం బియ్యం

అవనిగడ్డ యువకునికి మేము ఇచ్చిన సలహా ఇదే. ఖుర్ఆన్ బోధనకు వేతనం తీసుకోవడాన్ని తరువాతి కాలపు హనఫీ పండితులు అవసరం దృష్ట్యా అనుమతించారు. కనుక జీతం ధర్మసమ్మతమే. ఆ జీతం చేరే దారిని సందేహంలో పడవేయడమెందుకు? "బ్యాంకు ద్వారానే పంపండి, రుసుము భారమైతే మాట్లాడుకుందాం" అని ఆ కుటుంబానికి మర్యాదగా రాయమన్నాము. పని పోతుందేమోనన్న భయంతో అతడు రెండు రోజులు తటపటాయించి చివరకు రాశాడు. ప్రతి నెలా పడే బ్యాంకు రుసుము భరించలేకనే క్రిప్టో మాట ఎత్తామని, కావాలంటే మూడు నెలల జీతం ఒకేసారి ముందుగా పంపుతామని వారు జవాబిచ్చారు. ఇరుపక్షాల సమ్మతితో కూలిని ముందుగా ఇవ్వడంలో అభ్యంతరమేమీ లేదు. ఒక్క ఉత్తరంతో సమస్య తీరిపోయింది.

గుహలో చిక్కుకున్న ముగ్గురు వ్యక్తుల హదీసు మనకు తెలిసినదే. వారిలో ఒకరు తన వద్ద పనిచేసినవాడు తీసుకోకుండా వెళ్ళిపోయిన కూలిని సాగులో పెట్టి పెంచాడు. ఆ కూలి ఒక కొలత బియ్యమని బుఖారీలోని ఒక ఉల్లేఖనం చెబుతుంది. అది పశువుల మందగా పెరిగింది. చాలాకాలానికి కూలివాడు తిరిగివచ్చి తన బియ్యం అడిగితే, ఆ మందనంతా అతనికే అప్పగించాడు. ఆ కార్యాన్ని సాక్ష్యంగా పెట్టి అల్లాహ్‌ను వేడుకున్నాడు. మిగిలిన ఇద్దరి సత్కార్యాలతో పాటు అతని సత్కార్యం వల్లనూ గుహను మూసిన బండ తొలగిపోయింది.

పెరిగితే కూలివానిది, తరిగితే యజమానిది. ఆనాటి విశ్వాసి ఇతరుల కూలిని చూసిన తీరు అది. లాభం వస్తే మనది, ధర పడితే పనివానిది అనే ఏ ఏర్పాటైనా, దాని పేరు ఎంత కొత్తదైనా, విశ్వాసి ఇంటికి తగదు. ఈ నెల జీతాలు ఇచ్చే ముందు ప్రతి గృహస్థుడు తన ఇంట పనిచేసేవారి ముఖం వైపు ఒక్కసారి చూసి, "వీరి కూలి వీరికి తెలుసా? వీరికి అర్థమయ్యే రూపంలో, సమయానికి అందుతున్నదా?" అని తనను తాను ప్రశ్నించుకోవాలి. అల్లాహ్ మన సంపాదనలను, మన చెల్లింపులను పరిశుద్ధం చేయుగాక. ఆమీన్.